ముద్ర పడని టికెట్లు

పాదోవా, ఏప్రిల్ 28, 2009

ఎర్సీలియా పెద్దమ్మకి,

నేను టెక్లాని. మీ చెల్లెలు లొరెదానా కూతుర్ని. మీరు నన్ను చూసి ఏడేళ్ళైంది, గుర్తున్నానో లేదో. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. టెర్మోలీ స్టేషన్లో మీ టికెట్ కౌంటర్ లోపల స్టూలు ఎక్కించి, "పెస్కారా బండి మూడో ప్లాట్‌ఫాం మీదకి వస్తోంది" అని మైకులో నా చేత చెప్పించారు. బండి రెండో ప్లాట్‌ఫాం మీదకి వచ్చింది. అందరూ మిమ్మల్ని తిట్టారు.

ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం సంగతి ఎవ్వరికీ చెప్పకండి. ఇంటికి ఫోన్ చెయ్యకండి, ప్లీజ్. కవరు మీద ఉన్నది మా బడి అడ్రస్. గేటు దగ్గర కూర్చునే సిస్టర్ ఒనొరీనా ఉత్తరాలు తీసి దాచిపెడుతుంది. ఎందుకని అడగదు.

నాకు మీ సలహా కావాలి. ఇద్దరు మనుషులు పాదోవా నుంచి టెర్మోలీకి రావాలి. మధ్యలో ఎన్ని ఊళ్ళలో దిగి మారినా ఫర్వాలేదు. కానీ ఎవరికీ కనపడకూడదు. ఎక్కడా పేరు చెప్పకూడదు. జూన్ 13నే బయల్దేరాలి. ఆరోజు ఇక్కడ సెయింట్ ఆంథోనీ పండగ, ఊరంతా యాత్రికులే. కొర్రాదో (అమ్మ రెండో భర్త, మీరు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు) తన బస్సులతో రోజంతా బిజీగా ఉంటాడు. ఆ రోజు దాటితే ఇంక కుదరదు. జూలైలో మేం కొండ మీద ఇంటికి మారిపోతున్నాం. అక్కడికి బస్సు లేదు. పక్కన ఇల్లు కూడా లేదు.

కొర్రాదోకి టూరిస్టు బస్సుల కంపెనీ ఉంది. నాది ఇంగ్లీష్ మీడియం కదా, విదేశాల వాళ్ళ కోసం సలహాల పుస్తకం నా చేతే రాయిస్తాడు. వెనిస్ రెండు రోజులు, ఫ్లోరెన్స్ రెండు, రోమ్ మూడు. రోజుకో హోటల్ మారకండి. మ్యూజియం టికెట్ ముందే కొనుక్కోండి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ ఊళ్ళన్నిట్లో అతని డ్రైవర్లున్నారు, గైడ్లున్నారు, హోటళ్ళ వాళ్ళున్నారు. అతనికి తెలియని దారి నాకు తెలీదు. మీకు తెలుసు.

జవాబు త్వరగా రాస్తారా?

టెక్లా

*

టెర్మోలీ, మే 6

ఏమే టెక్లా,

గుర్తున్నావా అని అడుగుతావా! ఆ మైకు దెబ్బకి నాకు మెమో ఇచ్చారు. రిటైరయ్యేదాకా పరువు పోయింది. ఇంకోటి, ఈ మీరూ గీరూ ఏంటే? నేనేమన్నా స్టేషన్ మాస్టర్నా?

మీ అమ్మ మీద నా కోపం పోలేదు, అది ముందే చెప్తున్నా. పెళ్ళికి పిలవలేదు, సరే. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే ఎత్తదు. ఉత్తరం రాస్తే జవాబుండదు. బస్సుల ఓనరు భార్య అయ్యాక టికెట్లమ్ముకునే అక్క కంటికి ఆనదు కాబోలు. నీకు జవాబు రాస్తున్నది నీ మొహం చూసి.

ఇంక విను. ఎక్స్‌ప్రెస్ ఎక్కొద్దు. సీటు నంబరున్న టికెట్ కొంటే అది కంప్యూటర్లో ఉండిపోతుంది. ప్యాసింజర్ బండ్లలో రండి. పాదోవా నుంచి బొలోన్యా, అక్కణ్ణుంచి అంకోనా, అంకోనా నుంచి పెస్కారా, ఆ తర్వాత మన ఊరు. నాలుగు ముక్కలు, మనిషికి నాలుగు టికెట్లు. స్టేషన్లో కొనొద్దు, సిగరెట్ల కొట్టులో అమ్ముతారు. పేరడగరు. ముద్ర పడనంతవరకు ఆ టికెట్ రెండు నెలలు చెల్లుతుంది. జూన్ 13 అన్నావు కాబట్టి నా దగ్గరున్న టైంటేబుల్ పనికొస్తుంది. 14 నుంచి వేసవి టైమింగులు, ఈ పుస్తకం చిత్తు కాగితం.

బండెక్కే ముందు ప్లాట్‌ఫాం మీద పసుపు డబ్బా ఉంటుంది చూడు, అందులో టికెట్ పెట్టి ముద్ర కొట్టించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే. ఒకవేళ మర్చిపోయావనుకో, ముడుచుకుని కూర్చోకు. బండెక్కగానే నువ్వే టీసీ దగ్గరికి వెళ్ళి చెప్పు. నువ్వే వెళ్ళి చెప్తే పెన్నుతో తేదీ రాసిస్తారు. ఆయన నీ దగ్గరికి వచ్చాడా, అప్పుడు ఎన్ని చెప్పినా వినడు, గుర్తింపు కార్డు తీయమంటాడు, పేరు రాసుకుంటాడు. ముప్ఫై నాలుగేళ్ళు చూశాను, దాక్కున్నవాళ్ళే ఎప్పుడూ దొరికిపోయేది.

బొలోన్యాలో కొన్ని ప్లాట్‌ఫాంలు స్టేషన్ చివరెక్కడో ఉంటాయి. నడవడానికి అరగంట పెట్టుకోండి. బాత్రూంకి బండి ఎక్కగానే వెళ్ళిపోండి, తర్వాత అది పనిచెయ్యదు. మనిషికి ఒక్కటే బ్యాగు, పైన పెట్టడానికి ఎవర్నీ సాయం అడక్కూడదు. రొట్టె, గట్టి చీజు తెచ్చుకోండి. రిమిని దాటాక ఎడం పక్క కూర్చోండి, సముద్రం కనిపిస్తుంది. ఎవరూ వెతకరులే. మీ ఉత్తరాది వాళ్ళ లెక్కలో మా మొలీజే ప్రాంతం అసలు లేనే లేదుగా!

ఇంతకీ ఆ రెండో వాడెవడే? ఎక్కడ చదువుతున్నాడు? పదహారేళ్ళకే ఈ వేషాలేంటి?

మీ పెద్దమ్మ ఎర్సీలియా

*

పాదోవా, మే 14

పెద్దమ్మా,

మీ ఉత్తరం బాత్రూంలో కూర్చుని నాలుగుసార్లు చదివి, ఊళ్ళ పేర్లు లెక్కల నోట్‌బుక్ వెనకాల రాసుకుని, ఉత్తరం చింపి నీళ్ళలో వదిలేశాను. కోపం తెచ్చుకోకండి.

ఇంకా కొన్ని డౌట్లున్నాయి.

రెండో మనిషి దగ్గర గుర్తింపు కార్డు లేదు. వేరేవాళ్ళ దగ్గర ఉండిపోయింది, అడగడం కుదరదు. దారిలో ఎవరైనా చూపించమంటారా?

ఆ మనిషి మాత్రలు వేసుకుంటారు. మత్తుగా ఉంటుంది, తొందరగా నడవలేరు. బొలోన్యాలో మీరన్న అరగంట సరిపోతుందా?

బండి ఒక ఊరు దాటాక, కార్లో వచ్చేవాళ్ళు తర్వాతి ఊరికి ముందే చేరుకోగలరా? హైవే మీద చాలా స్పీడుగా నడిపేవాళ్ళైతే?

ఆ మనిషెవరో అడక్కండి. మీరేమనుకుంటే అదే అనుకోండి. నాకు నిద్ర పట్టట్లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే లేచి నిలబడిపోతున్నాను. క్లాసులో కూడా.

టెక్లా

*

టెర్మోలీ, మే 21

టెక్లా,

నువ్వు తిట్టుకున్నా సరే, నేను చెయ్యాల్సింది చేశాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. కార్డు లేనివాడు, మత్తుమాత్రలు మింగేవాడు, కార్లో ఎవరో తరుముకొచ్చేవాడు! వాడితో నువ్వు దేశం మీద పడి తిరుగుతావా? వాళ్ళ అమ్మానాన్నలైనా, పోలీసులైనా, తరిమేది ఎవరైతే నాకేంటి? చెల్లెలితో మాటల్లేకపోయినా నువ్వు నా రక్తం. అందుకే ఆదివారం మీ ఇంటికి ఫోన్ చేశాను.

కొర్రాదో ఎత్తాడు. అబ్బ, ఎంత మర్యాదస్తుడే! "వదినగారూ, మీ గొంతు వినాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను" అన్నాడు. అరిచింది లేదు, కోప్పడింది లేదు. ఓపిగ్గా అన్నీ అడిగాడు. ఏ రోజు అన్నాడు, చెప్పాను. ఏ దారి అన్నాడు, చెప్పాను. "నేను చూసుకుంటాను, పిల్లని భయపెట్టకుండా మాట్లాడతాను" అన్నాడు. మీ అమ్మకివ్వమంటే నిద్రపోతోందట. సాయంత్రం ఐదింటికి! రాణీగారు.

ఆయన నిన్నేమీ అనడులే. పెద్దయ్యాక నువ్వే నాకు దణ్ణం పెడతావు.

పెద్దమ్మ

*

పాదోవా, మే 25

పెద్దమ్మా,

ఫోన్ చెయ్యొద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను కదా. రాశానా లేదా?

అబ్బాయి లేడు. ఎప్పుడూ లేడు. రెండో మనిషి అమ్మ.

మీకు అమ్మ మీద కోపం కాబట్టి, అమ్మ అని రాస్తే సాయం చెయ్యరనుకున్నాను. అమ్మకి చెప్తే భయంతో అతనికి చెప్పేస్తుందనుకున్నాను. అందుకే ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంక చెప్తాను.

ఆదివారం మీ ఫోన్ పెట్టేశాక అతను అరవలేదు. బయటికెళ్ళి ఐస్‌క్రీం తెచ్చాడు. పిస్తా, అమ్మకి ఇష్టమైంది. ముగ్గురం తిన్నాం. గిన్నెలు కడిగి, తుడిచి, అరలో పెట్టాడు. తర్వాత పెద్ద సంచీ తెచ్చి అమ్మ చెప్పులు, బూట్లు అన్నీ ఒక్కొక్కటే అందులో వేశాడు. చలికాలం బూట్లు కూడా. బస్సు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. "ఇంటి తలుపుకి తాళమెందుకు, చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్తుంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పిల్లకి ఈ దారులన్నీ నువ్వే నేర్పావా అని అమ్మని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపేశాడు. నేను బయట నిలబడ్డాను. ఆ తర్వాత అమ్మ ఎడం చెయ్యి పైకెత్తలేకపోతోంది.

అమ్మ మీ ఫోన్ ఎత్తకపోవడం పొగరు కాదు. ఫోన్ ఉండేది అతని జేబులో. మీ ఉత్తరాలు అమ్మ ఒక్కటీ చూడలేదు. కార్డు అతని బీరువాలో ఉంది. మాత్రలు కూడా అతనే తెస్తాడు, నరాలకి మంచిదని. ఐదింటికి నిద్రపోవడం అందుకే.

బయట అందరికీ కొర్రాదో దేవుడు. బడికి ఎక్స్‌కర్షన్ బస్సు ఫ్రీగా ఇస్తాడు. నేనెవరికి చెప్పాలి? కొండ మీదికి మారాక అమ్మ అరిచినా వినేవాళ్ళుండరు.

ఇప్పుడతనికి రోజు తెలుసు, దారి తెలుసు, మీ ఊరు తెలుసు. నాతో మాత్రం ఇంతవరకు ఒక్క మాట అనలేదు. నాకదే ఎక్కువ భయంగా ఉంది.

టెక్లా

*

టెర్మోలీ, మే 30

నా తల్లీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. పని చెప్తాను.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. ముందు అద్దం ముందు నిలబడి గంటసేపు నవ్వడం ప్రాక్టీసు చేశాను. "అయ్యో మరిదిగారూ, మీకో శుభవార్త! పిల్ల మనసు మార్చుకుంది, ఆ పాత డొక్కు బండ్లు వద్దట" అన్నాను. 13 కాదు, 20కి మారిందన్నాను. ఎక్స్‌ప్రెస్‌లో ఫ్లోరెన్స్, అక్కణ్ణుంచి రోమ్. కుర్రాడు ఇంగ్లీషువాడు, తల మీద ఎర్ర జుట్టు. ఎంత గుక్కతిప్పుకోకుండా చెప్పానో! ఆయన రాసుకున్నాడే, పెన్ను చప్పుడు నాకు వినపడింది. "అంతేలే, అందరూ అక్కడికే వెళ్తారు" అన్నాడు. నమ్మాడు. ఆయన పుస్తకంలో ఉన్న ఇటలీ అంతేగా.

కాబట్టి 13నే బయల్దేరండి. అదే దారి. కానీ మా ఇంటికి కాదు, ఇల్లు ఆయనకి తెలుసు. నేను పొద్దున్నే అంకోనా వెళ్తాను. ఒకటో ప్లాట్‌ఫాం మీద గడియారం కింద నా పాత రైల్వే కోటు వేసుకుని నిలబడతాను. ఎండైనా సరే. అక్కణ్ణుంచి ఎక్కడికన్నది నేను చూసుకుంటాను.

సిస్టర్ ఒనొరీనా పేరున పార్సిల్ పంపాను. నా నల్ల బూట్లు. చిన్నప్పుడూ నావే తొడుక్కునేది మీ అమ్మ, పెద్దవని ఏడ్చి ఊరంతా ఏకం చేసేది. ఏడిస్తే ఏడ్చింది, తొడుక్కోమను.

నువ్వు అడిగిందానికి జవాబు రాయలేదు అప్పుడు. రాస్తున్నా. అవును, కారు బండి కంటే ముందు చేరుకోగలదు. అందుకే ఎవరైనా మిమ్మల్ని చూశారని అనిపిస్తే బొలోన్యా దాకా ఆగొద్దు, మధ్యలోనే దిగిపోండి.

అమ్మకి చెప్పు టెక్లా. దానికి చెప్పకుండా దాన్ని తీసుకురాలేవు.

ఎర్సీలియా

*

పాదోవా, జూన్ 9

పెద్దమ్మా,

చెప్పాను. అతను స్నానం చేస్తుంటే ఆ నీళ్ళ చప్పుడులో చెప్పాను. అమ్మ చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉంది. చివరికి ఒక్కటే అడిగింది: "ఎర్సీ ఇంకా నా మీద కోపంగానే ఉందా?"

నాలుగు రోజులుగా మాత్రలు మింగట్లేదు. నాలుక కింద పెట్టుకుని సింకులో ఊస్తోంది. ఐదింటికి నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకుని పడుకుంటోంది. అతను కనిపెడతాడేమోనని నేను భోజనాల దగ్గర వాగుతూనే ఉంటున్నాను.

టికెట్లు కొన్నాను. ఎనిమిది. లాటిన్ డిక్షనరీ అట్ట లోపల దాచాను. బూట్లు సిస్టర్ అల్మారాలో ఉన్నాయి. ఇంటినుంచి బడి దాకా అమ్మ ఉత్త కాళ్ళతోనే నడవాలి. కానీ పండగ రోజు మొక్కుకున్నవాళ్ళు కొందరు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. ఎవరూ వింతగా చూడరనుకుంటున్నాను.

అనుకుంటున్నాను, అంతే. భయమేస్తోంది పెద్దమ్మా.

టెక్లా

*

జూన్ 19

పెద్దమ్మా,

పైన ఊరి పేరు రాయలేదు. రాయకూడదన్నారు. కవరు మీది ముద్ర చూసి వెతుక్కుంటూ రావొద్దు. దీన్ని వేరే ఊళ్ళో పోస్టు చేస్తారు. ఇద్దరం బాగున్నాం. అది ముందు రాయాల్సింది.

నువ్వు ఆ రోజంతా అంకోనాలో గడియారం కింద నిలబడే ఉంటావని తెలుసు. ఆ ఎండలో, ఆ కోటులో. (చూశావా, నువ్వు అని రాశాను.) ఫోన్ చెయ్యడానికి ఆ రోజు మాకు వీలు లేదు. క్షమించు.

జరిగింది చెప్తాను. అమ్మ ఉత్త కాళ్ళతోనే వచ్చింది. తెల్లవారేసరికే రోడ్డు నిండా జనం. ఒక ముసలావిడ అమ్మ కాళ్ళు చూసి, "నీదేం మొక్కమ్మా?" అని అడిగింది. నేను నడక వేగం పెంచాను. అమ్మ మాత్రం, "చెప్పకూడదండీ, చెప్తే తీరదు" అంది. ఆవిడ అమ్మకి ఒక లిల్లీ పువ్వు ఇచ్చింది. సిస్టర్ ఒనొరీనా కిందకి వంగి తనే లేసులు కట్టింది.

స్టేషన్‌కి వెళ్ళాం. ముద్ర కొట్టే పసుపు డబ్బా దగ్గర, దానికి వీపు ఆనించి, జాన్‌ఫ్రాంకో నిలబడున్నాడు. కొర్రాదో డ్రైవర్లలో పాతవాడు. యాత్రికుల కోసం బోర్డు పట్టుకుని ఉన్నాడు. వేరే డబ్బా వెతకడానికి టైం లేదు. జనంలో కలిసిపోయి, తలొంచుకుని, అలాగే ఎక్కేశాం. తలుపులు మూసుకునేటప్పుడు అతను ఇటు తిరిగాడు. మమ్మల్ని చూశాడో లేదో నాకిప్పటికీ తెలీదు.

నేను బాత్రూంలో దాక్కుందామన్నాను. అమ్మ బ్యాగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పెట్టె చివర టీసీ కనిపించింది. ఆడమనిషి, నీ వయసుంటుంది. ఒక్కో సీటూ చూసుకుంటూ వస్తోంది. ఆమె పేరు రాసుకుంటే? కార్డు అడిగితే? జాన్‌ఫ్రాంకో ఫోన్ చేసుంటే కొర్రాదో ఇప్పటికే హైవే మీద ఉండాలి.  "అమ్మా లే, వెనక పెట్టెలోకి పోదాం" అని చెయ్యి లాగాను.

అమ్మ లేచింది. కానీ వెనక్కి కాదు, ముందుకి నడిచింది. బండి ఊగుతుంటే సీట్లు పట్టుకుంటూ, నీ పెద్ద బూట్లతో టప్ టప్‌మని. వెళ్ళి టీసీ ముందు నిలబడింది.

"మా టికెట్లకి ముద్ర లేదండీ. నా దగ్గర కార్డు కూడా లేదు. నా భర్త దగ్గరుంది. ఆయన దగ్గర్నుంచే పారిపోతున్నాం" అంది.

పెట్టెలో అందరికీ వినపడేలా చెప్పింది. ఏడేళ్ళలో అమ్మ అంత గట్టిగా మాట్లాడ్డం నేను వినలేదు.

టీసీ టికెట్లు తీసుకుంది. తేదీ, టైము పెన్నుతో రాసింది. సంతకం పెట్టింది. అప్పుడు తల ఎత్తి, "ఆయన ఏ స్టేషన్‌కి రాగలడమ్మా?" అని మాత్రం అడిగింది. అమ్మ చెప్పింది. మమ్మల్ని తీసుకెళ్ళి తన క్యాబిన్లో కూర్చోబెట్టి, తెర లాగి, ఎవరికో ఫోన్ చేసింది. బొలోన్యా దాకా వెళ్ళలేదు మేము. మధ్యలో ఒక చిన్న స్టేషన్లో బండి రెండు నిమిషాలు ఆగింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు మా కోసం నిలబడున్నారు. దిగుతుంటే టీసీ నా భుజం మీద చెయ్యేసి, "మీ అమ్మ చేసిందే కరెక్టు పిల్లా, రూల్ పుస్తకంలో ఉన్నదే" అంది. ఆమె నీ ఫ్రెండా పెద్దమ్మా? నీలాగే మాట్లాడింది.

ఇక్కడ మాలాగే ఇంట్లోంచి పారిపోయొచ్చిన అమ్మలు, పిల్లలు చాలామంది ఉన్నారు. లాయరమ్మ వచ్చి అమ్మ చెప్పిందంతా రాసుకుంది. డాక్టరు చెయ్యి చూసింది. నాకు భయం పూర్తిగా పోలేదు. బయట కారు ఆగితే ఇప్పటికీ లైటు ఆర్పేస్తున్నాను. రేపు 20. అతను ఫ్లోరెన్స్ స్టేషన్లో ఎర్ర జుట్టువాడి కోసం చూస్తూ ఉంటాడో లేక అబద్ధమని తెలిసిపోయిందో. తెలిస్తే నీ దగ్గరికే వస్తాడు. ఒక్కదానివే ఉండకు, పక్కింటివాళ్ళకి చెప్పి పెట్టు. నువ్వే ముందు చెప్పు, సరేనా.

మిగిలిన టికెట్లు ఆరూ నా దగ్గరే ఉన్నాయి. బొలోన్యా నుంచి అంకోనా, అంకోనా నుంచి పెస్కారా, పెస్కారా నుంచి మన ఊరు. వాటికింకా ముద్ర పడలేదు. రెండు నెలలు చెల్లుతాయన్నావు కదా. గోడకి గుచ్చి పెట్టుకున్నాను.

అమ్మ కింద రెండు ముక్కలు రాస్తానంటోంది.

టెక్లా

ఎర్సీ, నా కాలు నీ కాలంత పెద్దది కాదని నీకెన్నిసార్లు చెప్పాలే? ముందర దూది కుక్కి తొడుక్కున్నాను. ఇంకా విప్పలేదు.

లొరె